విమానం ఆఖర్న కొనండి

చిరంజీవులకు ఆశీస్సులు.

రేడియో కంట్రోల్ విమానం ఎగరేయాలంటే ముందు ఏ విమానం కొనాలని అడిగారు. నేను చెప్పే వరస దానికి తలకిందులు. ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకుని విమానాన్ని నడిపే పెట్టె), తర్వాత ఛార్జరూ బ్యాటరీలూ, ఆ తర్వాత మోటారు సరంజామా, అన్నిటికన్నా ఆఖర్న విమానం. నేర్చుకునే రోజుల్లో విమానం విరుగుతుంది, అందులో అనుమానం అక్కర్లేదు. ట్రాన్స్‌మిటర్, ఛార్జర్ మాత్రం నాలుగు విమానాలు విరిగాక కూడా అలాగే పనికొస్తాయి. ఇంట్లో ఇచ్చిన డబ్బులో సగం పైన ఈ రెండింటికే పోయినా బాధపడకండి. మిగిలినదాంట్లో సాదా ఫోమ్ విమానం వచ్చేస్తుంది. అట్ట మీద తేజస్ బొమ్మో సుఖోయ్ బొమ్మో చూసి డబ్బంతా దానికే పోసినవాళ్లకు నాసిరకం ఛార్జరే గతి.

ట్రాన్స్‌మిటర్ 2.4 గిగాహెర్ట్జ్‌ది, కనీసం ఆరు ఛానళ్లది తీసుకోండి. ఒక్కో ఛానల్ విమానంలో ఒక్కో పనిని నడుపుతుంది. పొడవాటి యాంటెన్నా ఉన్న పాత 72 మెగాహెర్ట్జ్ సెట్టు ఎవరైనా చవగ్గా ఇస్తానంటే వద్దని చెప్పండి. దాంట్లో ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ ఉంటుంది. అదే నంబరు క్రిస్టల్ ఉన్న సెట్టు మైదానంలో ఇంకొకరు ఆన్ చేస్తే మీ విమానం చేయిదాటిపోతుంది. 2.4 సెట్లలో ట్రాన్స్‌మిటర్‌నీ, విమానంలో దాని సంకేతాలు అందుకునే రిసీవర్‌నీ ఒకసారి బైండ్ చేస్తే, అంటే జత కలిపితే, ఆ రిసీవర్ ఆ ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. మన దగ్గర మొదటి సెట్టుగా ఎక్కువమంది కొనేది ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, రిసీవర్ పెట్టెలోనే వస్తుంది. చేతిలో ఇంకాస్త ఉంటే రేడియోమాస్టర్ వాళ్ల మల్టీప్రోటోకాల్ సెట్టు మంచిది, అది చాలా కంపెనీల రిసీవర్లతో మాట్లాడగలదు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఒక కంపెనీ రిసీవర్ మరో కంపెనీ ట్రాన్స్‌మిటర్‌తో మామూలుగా బైండ్ కాదు. రెండో విమానానికి రిసీవర్ విడిగా కొనేటప్పుడు ప్రోటోకాల్, అంటే అవి మాట్లాడుకునే పద్ధతి, పేరు చూసి కొనండి.

మోడ్ 1, మోడ్ 2 అని రెండు రకాలుంటాయి. మోడ్ 2లో ఎడమ స్టిక్ థ్రాటిల్, అంటే మోటారు వేగం. కుడి స్టిక్ ముందుకూ వెనక్కీ ఎలివేటర్, అంటే ముక్కును ఎత్తి దించే తోక పలక. పక్కలకు ఎయిలరాన్, అంటే విమానాన్ని పక్కకు వాల్చే రెక్క పలకలు. మన దేశంలో మీకు నేర్పేవాళ్లలో ఎక్కువమంది మోడ్ 2 వాళ్లే, కాబట్టి అదే తీసుకోండి. విమానం పైన ఉండగా సాయం అవసరమైతే పక్కవాళ్లు మీ ట్రాన్స్‌మిటర్ అందుకోగలగాలి కదా.

ట్రాన్స్‌మిటర్ చేతికొచ్చాక విమానం కోసం తొందరపడకండి. కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ తీగ ఒకటి తీసుకుని సిమ్యులేటర్ (తెర మీద విమానం ఎగరేసే ఆట) ఆడండి. పికాసిమ్ ఉచితంగా దొరుకుతుంది. రియల్‌ఫ్లైట్ ఖరీదైనది, మొదట్లో దాని అవసరం లేదు. పరీక్షలు దగ్గర పడ్డాయంటే పక్కన పెట్టండి గానీ, మొత్తం మీద పది గంటలైనా అందులో గడపండి. అక్కడ నేర్చుకోవాల్సింది పల్టీలు కాదు. విమానం మీ నుంచి దూరంగా వెళ్తున్నప్పుడు స్టిక్ కుడికి నొక్కితే విమానమూ మీ కుడికే తిరుగుతుంది. అదే మీకు ఎదురుగా వస్తున్నప్పుడు మీ కంటికి ఎడమకు పోతుంది. కొత్తవాళ్లు కూల్చే విమానాల్లో చాలావాటికి ఇదే కారణం. చిట్కా ఒకటుంది: ఎదురొస్తున్న విమానం రెక్క ఏ పక్కకు వాలితే స్టిక్‌ను ఆ పక్కకే నొక్కండి, వాలిన రెక్క కిందికి ఊత పెడుతున్నట్టు. రెక్క లేస్తుంది. ఆలోచించకుండా చెయ్యి దానంతటది ఆ పక్కకు పోయేదాకా ఆడండి.

ఇక బ్యాటరీ. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ సామాన్లలో ఇల్లు కాల్చగలిగేది ఇదొక్కటే. మీకు కావలసింది లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), 3ఎస్, 2200 ఎంఏహెచ్ (ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే అంకె), 25సీ లేదా 30సీ. 3ఎస్ అంటే మూడు సెల్స్ వరసగా కలిపారని. ఒక్కో సెల్ పేరుకు 3.7 వోల్టులు, కాబట్టి మొత్తం 11.1. నిండా ఎక్కితే సెల్‌కు 4.2, మొత్తం 12.6. 25సీ అంటే 2200 ఎంఏహెచ్‌ను, అంటే 2.2 ఆంపియర్ అవర్లను, 25తో హెచ్చించండి, 55 ఆంపియర్లు. కాగితం మీద బ్యాటరీ ఇవ్వగలిగిన కరెంటు అది. మీ మోటారు 15 నుంచి 20 లోపే లాగుతుంది కాబట్టి ఇది చాలు. ఎక్కువసేపు ఎగురుతుందని 5000 ఎంఏహెచ్‌ది పెట్టకండి. దాని బరువు మోయడానికే విమానం ఆపసోపాలు పడుతుంది, దిగేటప్పుడు వేగం తగ్గించబోతే ఒక రెక్క వాలి విమానం పడిపోతుంది. పెద్దది ఒకటి కొనే బదులు 2200వి రెండు కొనండి.

ఛార్జర్ తప్పనిసరిగా బ్యాలెన్స్ ఛార్జర్, అంటే సెల్స్ అన్నిటినీ సమంగా ఎక్కించేది, అయి ఉండాలి. ఐమ్యాక్స్ బీ6 పేరుతో దొరికేవాటిలో నకళ్లు చాలా ఉన్నాయి, నమ్మకమైన హాబీ షాపులోనే కొనండి. బ్యాటరీకి రెండు తీగలుంటాయి. లావుపాటిది ఎక్స్‌టీ60 కనెక్టర్‌తో ఉంటుంది, సన్నది నాలుగు పిన్నుల తెల్ల ప్లగ్గు. రెండూ ఛార్జర్‌కు తగిలించండి. తెర మీద లైపో బ్యాలెన్స్ అని, 3ఎస్ అని, 2.2 ఆంపియర్లని ఉందో లేదో మూడుసార్లు చూసి అప్పుడు స్టార్ట్ నొక్కండి. పొరపాటున వేరే రకం బ్యాటరీలకు ఉండే ఎన్ఐఎంహెచ్ మోడ్‌లో పెడితే సెల్స్ 4.2 దాటినా ఛార్జర్ ఆపదు. ఉబ్బుతాయి, తర్వాత మంట. ఛార్జింగ్ వట్టి సిమెంటు గచ్చు మీద, పక్కన బకెట్ ఇసుకతో, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు మెలకువగా ఉండగానే చేయాలి. మంచం మీద, పరుపు పక్కన, రాత్రంతా పెట్టి నిద్రపోవడం ఎంతమాత్రం కూడదు.

ఎగరేశాక కూడా దాని బాగోగులు చూడాలి. సెల్ 3 వోల్టుల కిందికి పోతే అది ఇక కోలుకోదు. అందుకని కెపాసిటీలో 80 శాతమే వాడాలి. 2200లో 80 శాతం 1760. విమానం సగటున 10 ఆంపియర్లు తాగితే పది నిమిషాల చిల్లర. మీరు ట్రాన్స్‌మిటర్‌లో టైమర్ ఏడు నిమిషాలకే పెట్టండి. మొదటిసారి దించలేకపోతే ఇంకో చుట్టు తిరిగి రావడానికి కరెంటు మిగలాలి. తెల్ల ప్లగ్గుకు తగిలించే చిన్న లైపో అలారం దొరుకుతుంది, దాన్ని సెల్‌కు 3.5 దగ్గర మోగేలా పెట్టండి. ఇంటికొచ్చాక బ్యాటరీని విమానంలో తగిలించి వదిలేస్తే తెల్లారేసరికి అడుగంటిపోతుంది. వారం దాకా ఎగరేయకపోతే ఛార్జర్‌లోనే స్టోరేజ్ మోడ్ ఉంది, సెల్‌కు 3.8 దగ్గర ఆపుతుంది. మే నెలలో విజయవాడ ఎండలో కారులో వదిలేయడం కూడా బ్యాటరీని చంపడమే. ఉబ్బినదాన్ని ఇంకొక్కసారి అంటూ వాడొద్దు.

మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, ప్రొపెల్లర్, బ్యాటరీ ఈ నాలుగూ ఒక జట్టు. ఒకటి మారిస్తే మిగతావి కూడా చూసుకోవాలి. మోటారు మీద 2212 అని ఉంటే లోపలి స్టేటర్ (తిరగకుండా ఉండే భాగం) 22 మిల్లీమీటర్ల వెడల్పు, 12 ఎత్తు అని. పక్కనే 1000 కేవీ అని ఉంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి వెయ్యి చుట్లు, అదీ ప్రొపెల్లర్ లేకుండా. ముక్కు దగ్గర మోటారుండే విమానానికి 2212, 1000 కేవీ, దానికి 10×4.5 ప్రొపెల్లర్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ. 10 అంటే ప్రొపెల్లర్ పొడవు అంగుళాల్లో, 4.5 అంటే ఒక్క చుట్టుకు మరలాగా ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ లెక్క. మోటారు వెనకవైపు రెక్క మీద ఉండే విమానాలకు 10 అంగుళాలు పట్టదు, తిరిగితే వెన్ను కోసేస్తుంది. వాటికి 6 అంగుళాల ప్రొపెల్లర్, దానికి తగ్గట్టు 2200 కేవీ మోటారు. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తేనే ప్రమాదం. 2200 కేవీ మోటారుకు 10 అంగుళాల ప్రొపెల్లర్ బిగించి థ్రాటిల్ తోస్తే కరెంటు 30 దాటి ఎక్కడికో పోతుంది, క్షణాల్లో ఈఎస్‌సీ పొగలు కక్కుతుంది.

ఈఎస్‌సీ కొనేటప్పుడు బీఈసీ ఉందా అని అడగండి. రిసీవర్‌కీ, రెక్క తోక పలకల్ని కదిలించే చిన్న మోటార్లకీ, అంటే సర్వోలకీ, 5 వోల్టులు ఇచ్చేది అదే. డ్రోన్ల కోసం అమ్మే కొన్ని ఈఎస్‌సీల్లో బీఈసీ ఉండదు. అన్నీ సరిగ్గా తగిలించినా రిసీవర్ దీపం వెలగదు, రిసీవర్ పాడైందనుకుని మళ్లీ డబ్బు తగలేస్తారు. ఎక్స్‌టీ60 కనెక్టర్ మీరే టంకం వేయాల్సొస్తే 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావాలి, రేడియో రిపేరుకు వాడే 25 వాట్లది అంత లావు తీగను వేడెక్కించలేదు. ఎరుపు, నలుపు తారుమారైతే ఈఎస్‌సీ అక్కడికక్కడే పోతుంది. మోటారు మూడు తీగల సంగతి వేరు. మోటారు వెనక్కి తిరుగుతుంటే వాటిలో ఏ రెండైనా మార్చి తగిలించండి, సరిపోతుంది.

సర్వోలు 9 గ్రాములవి. ఎస్‌జీ90లో పళ్లచక్రాలు ప్లాస్టిక్‌వి, నేలకు గట్టిగా తగిలితే పళ్లు ఊడతాయి. ఎంజీ90ఎస్‌లో లోహపువి, కాస్త బరువు. మొదటి విమానానికి ఎస్‌జీ90 చాలు, ఒకటి అదనంగా ఉంచుకోండి. బిగించేముందు రిసీవర్‌కు తగిలించి ఆన్ చేసి, స్టిక్ నడిమధ్యన ఉండగా సర్వో చెయ్యి నిటారుగా ఉండేలా పెట్టి అప్పుడు స్క్రూ వేయండి.

ఇప్పుడు విమానం. రెక్క వెన్ను మీద ఉండాలి, కొసలు రెండూ కాస్త పైకి లేచి ఉండాలి. అలాంటి విమానం స్టిక్ వదిలేస్తే తనంతట తాను సర్దుకుంటుంది. రెక్కల పొడవు 1 నుంచి 1.4 మీటర్లు, అన్నీ ఎక్కించాక బరువు 700 నుంచి 900 గ్రాములు. ఈపీపీ లేదా ఈపీఓ ఫోమ్‌ది అయితే విరిగినా అతుకుతుంది. ఒక లెక్క వేసి చూడండి: 120 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు రెక్క అంటే 24 చదరపు డెసీమీటర్లు. బరువు 800 గ్రాములైతే చదరపు డెసీమీటర్‌కు 33 గ్రాములు పడింది. 35 దాటనివి నెమ్మదిగా ఎగురుతాయి, ఆలోచించుకోవడానికి మీకు టైమిస్తాయి. జెట్ ఆకారాలు, రెక్క కింద ఉండే యుద్ధ విమానాలు ఇవ్వవు. జానెడు బొమ్మ విమానాలు చిన్న గాలికే కొట్టుకుపోతాయి, పైగా రెండు మోటార్లు తప్ప ఎలివేటర్ లేనివి మీకేమీ నేర్పవు.

మొదటిదానికి ఎయిలరాన్లు లేకపోయినా ఫర్వాలేదు. థ్రాటిల్, ఎలివేటర్, రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండి విమానాన్ని పక్కకు తిప్పే పలక) చాలు. అలాంటప్పుడు రడ్డర్ సర్వోను నాలుగో ఛానల్‌కు కాదు, ఎయిలరాన్‌కు వాడే ఒకటో ఛానల్‌కు తగిలించండి. మలుపు కుడి స్టిక్ మీదికొస్తుంది. రేపు ఎయిలరాన్ల విమానం ఎగరేసినా చెయ్యి అలవాటు మార్చుకోనక్కర్లేదు.

బిగింపు అయ్యాక ప్రొపెల్లర్ ఊడదీసి కొన్ని పరీక్షలు చేయాలి. వేళ్లు తెగేవి ఎక్కువగా బల్ల మీదే. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత బ్యాటరీ. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. కుడికి తోస్తే తోక వైపు నుంచి చూసినప్పుడు రడ్డర్ కుడికి తిరగాలి. మోటారు మెల్లగా తిప్పి ట్రాన్స్‌మిటర్ ఆపేయండి, మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు ఆపే ఏర్పాటు) పెట్టలేదని అర్థం, థ్రాటిల్ సున్నా దగ్గర ఉంచి సెట్ చేయండి. ఆ తర్వాత బ్యాటరీ ఎక్కించి, రెక్క ముందంచు నుంచి వెనక్కి కొలిచి రెండు వేళ్ల మీద నిలబెట్టండి. 20 సెంటీమీటర్ల వెడల్పు రెక్కకు 5 నుంచి 6.5 సెంటీమీటర్ల మధ్య సమంగా నిలవాలి. ముక్కు కాస్త దించితే నయమే. తోక దిగితే మాత్రం ఎగరేయకండి, చేతిలోంచి వదలగానే ముక్కు ఆకాశానికెత్తి పక్కకు ఒరిగిపోతుంది. సీసం అతికించేముందు బ్యాటరీని ముందుకు జరిపి చూడండి, చాలాసార్లు అదే చాలు.

చోటు గురించి. మన దేశంలో వీటికి 2021 డ్రోన్ రూల్స్ వర్తిస్తాయి. ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు చూసుకోండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల దాకానే. శంషాబాద్, గన్నవరం, దుండిగల్ లాంటి చోట్ల దగ్గర్లో ఉన్నవాళ్లు ఇంకొంచెం దూరం పోక తప్పదు. రిజిస్ట్రేషన్ సంగతి కూడా పెద్దవాళ్లతో కలిసి చూడండి. వరి కోసేసిన పొలం మంచి మైదానం, కరెంటు తీగలు లేకపోతే. పొద్దున్నే ఆరు నుంచి ఎనిమిది మధ్య గాలి తక్కువ. ఆషాఢం గాలుల్లో మొదటి ఎగురుడు వద్దు, సంక్రాంతి వారంలో అసలే వద్దు. గాలిపటం దారం ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే మోటారు అక్కడే బిగుసుకుంటుంది. గద్దలు తిరుగుతుంటే అవి పోయేదాకా ఆగండి.

చివరగా విడి సామాను: ప్రొపెల్లర్లు కనీసం అయిదు, హాట్ గ్లూ కడ్డీలు, ఫైబర్ టేపు, వెల్క్రో పట్టీలు. ఫెవిక్విక్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది, దాని మీద వాడకండి. ప్రొపెల్లర్ మీద అక్షరాలున్న వైపు విమానం పోయే దిక్కుకు ఉండాలి. తిరగేసి బిగిస్తే మోటారు అరుస్తుంది గానీ విమానం లేవదు. అంచు బొచ్చెపోయినదాన్ని విరిచి చెత్తబుట్టలో వేయండి, లేకపోతే తమ్ముళ్లెవరో తీసి మళ్లీ బిగిస్తారు.

మీ పెదనాన్న