"ఈ చెయ్యి నాది కాదండీ": 'నేను' గురించి అపోహలు - వాస్తవాలు

కోనసీమ లంక గ్రామాల నుంచి మా న్యూరాలజీ ఓపీకి పక్షవాతం కేసులు వస్తూనే ఉంటాయి. వెంట వచ్చే బంధువుల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: సొంత చేతిని నాది కాదంటున్నారంటే గాలి సోకినట్టే.

వాస్తవం: మెదడు కుడివైపు రక్తం అందకపోతే ఎడమ చెయ్యి, కాలు పడిపోతాయి. కొందరికి ఆ చెయ్యి తనదే అన్న ఎరుక కూడా పోతుంది. "మరి ఇదెవరిదండీ?" అంటే, "మా బావమరిదిది, ఇక్కడ పెట్టి పోయాడు" అని నమ్మకంగా చెబుతారు. అబద్ధం కాదు, పిచ్చీ కాదు. చర్మం, కండరాలు, కళ్లు పంపే కబుర్లను కలిపి 'ఇది నా ఒళ్లు' అని తేల్చడంలో మెదడు కుడివైపు పైభాగంలో, కాస్త వెనగ్గా ఉండే పెరైటల్ భాగానికి పెద్ద పాత్ర ఉంది. ఆ లెక్క ఆరోగ్యవంతుల్లోనూ తప్పుతుంది. 1998లో బోట్వినిక్, కోహెన్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగంలో పాల్గొన్నవాళ్ల అసలు చేతిని తెర వెనక దాచి, ఎదురుగా రబ్బరు చెయ్యి పెట్టి, రెండింటినీ ఒకేసారి బ్రష్‌తో నిమిరారు. కాసేపటికి వాళ్లలో చాలామందికి రబ్బరు చెయ్యే తమదనిపించింది.

చిక్కేమిటంటే, ఇలాంటి పేషెంట్లు తమకేమీ కాలేదనే అంటారు. నొప్పి ఉండదు, టెన్షన్ ఉండదు. ఇంట్లోవాళ్లు తాయెత్తు కోసం తిరిగేలోపు, మెదడు రక్తనాళంలోని గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణాలు మొదలైనప్పటి నుంచి ఉన్న 4.5 గంటల గడువు గోదాట్లో కలిసిపోతుంది. చెయ్యి లేవకపోతే పేషెంటు మాట వినకండి, 108కి ఫోన్ చేయండి.

అపోహ: 'నేను' మెదడులో ఒకచోట కూర్చుని ఉంటుంది.

వాస్తవం: ఆత్మకు ముఖ్యస్థానం మెదడు మధ్యలో ఉండే చిన్న పీనియల్ గ్రంథి అన్నాడు ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్. అది చేసేది నిద్రకు సంబంధించిన మెలటోనిన్ అనే హార్మోన్. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు నుదుటి వెనక భాగం, వెనకవైపు మధ్యభాగం కలిసి పనిచేస్తాయి. గుండెదడ లాంటి లోపలి కబుర్లు మెదడు మడతల లోపల ఉండే ఇన్సులా అనే భాగానికి చేరతాయి. ఇన్నిటి నుంచి ఒకే ఒక్క 'నేను' ఎలా పుడుతుందో ఎవరూ పూర్తిగా తేల్చలేదు.

అపోహ: మెదడులో 10 శాతమే వాడతాం.

వాస్తవం: లేదండీ. అదే నిజమైతే మిగతా 90 శాతంలో ఎక్కడ దెబ్బతిన్నా ఏమీ కాకూడదు, నాకు ఇన్ని కేసులు ఉండవు.

అపోహ: జ్ఞాపకం పోతే మనిషే పోయినట్టు.

వాస్తవం: అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడు రెండువైపులా, కొత్త జ్ఞాపకాలు ఏర్పడటానికి అవసరమైన హిప్పోకాంపస్ భాగాలు తీసేశారు. 2008లో పోయేవరకూ కొత్త విషయాలు గుర్తుండేవి కావు. అయినా తన పేరు, చిన్నతనం, హాస్యం ఎక్కడికీ పోలేదు. మతిమరుపు ముదిరి మనవడి పేరు మర్చిపోయిన తాతగారు కూడా పనసపొట్టు కూరలో ఆవ తగ్గితే ఒప్పుకోకపోవచ్చు. ఆయన ముందే "ఈయనకేం తెలీదులే" అనుకోకండి. మాట మర్చిపోయినా, చులకన చేశారన్న బాధ చాలాసేపు ఉండిపోతుంది.