కంట్లో మదుము

మా మావయ్యకి గుమ్మం తగలడం మొదలై రెండేళ్లు దాటాక గానీ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. నరసన్నపేట వైపు పాత పెంకుటిల్లు, గుమ్మాలు పొట్టివి. చిన్నప్పటి నుంచీ వంగి దాటిన మనిషి నుదుటికి బొప్పి కడుతుంటే, ఇంట్లోవాళ్లు ‘వయసైంది, ధ్యాస ఉండట్లేదు’ అనుకున్నారు. పైగా అద్దాలు పెట్టుకుని పేపరంతా చదివేసేవాడు. చూపు పోతోందని ఎవరనుకుంటారు?

శ్రీకాకుళంలో పరీక్ష చేసిన డాక్టరుగారు నీటికాసులన్నారు, అదే గ్లాకోమా. “శుక్లమే కదండీ, ఆపరేషన్ చేసీండి” అన్నాడు మావయ్య. శుక్లమైతే ఎంత బాగుండేది! అందులో మసకబారేది కంటి కటకం, తీసి వేరేది పెడితే చూపొస్తుంది. నీటికాసుల్లో దెబ్బతినేది కంటి నుంచి మెదడుకి వెళ్లే నరం. అందులో సుమారు 10 లక్షల పోగులుంటాయి. పోయిన పోగు మళ్లీ రాదు.

వంశధార కాలువ కింద సేద్యం చేసిన మనిషికి ఈ జబ్బు చెప్పడం తేలికే. కంట్లో రంగు తెర (ఐరిస్) వెనక పలుచని నీరు నిత్యం ఊరుతుంటుంది. కన్నీళ్లు కావు, ఇది లోపలి నీరు. కనుపాప గుండా ముందుకొచ్చి, కంటి ముందుండే అద్దంలాంటి పొర (కార్నియా), ఐరిస్ కలిసే మూలలో జల్లెడలాంటి దారిలోంచి రక్తంలోకి పోతుంది. ఆ మూలలోదే మదుము. మీ వైపు తూము అంటారేమో. ఊట ఆగదు, మదుము సరిగ్గా లాగకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది.

మదుము తెరిచే ఉండి లోపల పూడుకుపోతే ఓపెన్ యాంగిల్ రకం. నొప్పుండదు, ఎరుపుండదు. ఐరిసే వచ్చి మదుముకి అడ్డం పడితే యాంగిల్ క్లోజర్. అది హఠాత్తుగా జరిగితే కన్ను ఎర్రబడి, తల పగిలిపోతూ, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి, వాంతులవుతాయి. వాంతులు చూసి పైత్యమనుకుని గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టారా, తెల్లారేసరికి చూపు పోవచ్చు. ఒత్తిడి మామూలుగానే ఉన్నా నరం దెబ్బతినే రకమూ ఉంది. పసిపిల్లల్లో వస్తే గుడ్డు పెద్దదై, నీరు కారుతూ, వెలుతురు చూడలేరు. ‘ఎంత పెద్ద కళ్లో’ అని మనం మురిసిపోతాం. ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకుని ఈ జబ్బు కొనితెచ్చుకోవడం, నాకు అన్నిటికన్నా ఒళ్లు మండే సంగతి.

ఒత్తిడి కొలిచి పంపేస్తే సరిపోదు కాబట్టే మావయ్యకి ఆ పూటంతా పట్టింది. కంటికి అద్దం ఆనించి మూల తెరిచుందో లేదో చూశారు. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి నరం మొదట్లో ఉండే గుంట ఎంత వెడల్పయిందో చూశారు. తర్వాత చూపు విస్తీర్ణం పరీక్ష. ఒక కన్ను మూసి, తెల్లని డొప్పలోకి తల పెట్టి, నడిమి దీపాన్నే చూస్తూ, పక్కన చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి. బయటికొచ్చి “మిషను సగం చుక్కలు ఎయ్యనేలేదు” అని దెబ్బలాడాడు. కాగితం మీద రెండు కళ్లకీ పై సగమంతా నలుపు. నిజానికి అక్కడ అతనికి నల్లగా ఏమీ కనిపించదు. లేనిచోట మెదడే గోడో ఆకాశమో పూరించేస్తుంది. కాగితం కాసేపు చూసి, “గుమ్మం ఇక్కడే ఉంటాది” అన్నాడు.

వైద్యమంతా ఒత్తిడి తగ్గించడానికే, మిగిలిన చూపు నిలబెట్టడానికే. ముందు చుక్కల మందు, దాదాపు జీవితాంతం. వేసుకున్నా చూపేమీ మెరుగవదు, మానేస్తే వెంటనే తేడా తెలియదు. జనం మానేసేది అందుకే. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి, ఈ చుక్కల్లో టిమోలాల్ అనే మందు వాళ్లకి పడదు. ఐరిస్ అడ్డం పడితే లేజర్‌తో దానికి చిన్న రంధ్రం చేస్తారు. మందులకి లొంగకపోతే ఆపరేషన్ చేసి నీటికి కొత్త దారి తీస్తారు. ఇలా కంటి పొరకి రంధ్రం తొలిచే ఒక పద్ధతిని రాబర్ట్ హెన్రీ ఎలియట్ 1909లో మద్రాసు కంటి ఆసుపత్రిలోనే మొదలుపెట్టాడు. అప్పుడు మన జిల్లాలూ మద్రాసు కిందివే.

చీటీ రాస్తూ డాక్టరుగారు “మీ తోబుట్టువులెందరు?” అని అడిగారు. రక్తసంబంధం ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువట. ఆ మాట మీద అమ్మని తీసుకెళ్లాను. ఏ గుమ్మమూ తగలని అమ్మకీ ఉంది, కాకపోతే ఇంకా మొదట్లోనే.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి అమ్మ కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేసుకుని, కన్ను మూసి, ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటుంది, మందు గొంతులోకి జారిపోకుండా. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగుతుంది. రెండో చేత్తో ఎత్తితే అవతల మావయ్య: “అప్పా, చుక్క ఏసుకున్నావా?”