తల మూసి చూడండి

కంచరపాలెం,
విశాఖపట్నం

పిల్లలూ,

మీరు పంపిన పదకొండు బొమ్మలూ గోడకి అంటించి రెండు రోజులుగా చూస్తున్నాను. 'ఏడుస్తున్న అబ్బాయి' అని రాసిన బొమ్మలో కన్నీళ్ళు చక్కగా కుదిరాయి. కానీ ఆ తలని బొటనవేలితో మూసి చూశాను. కింద మిగిలినవాడు బడి ప్రార్థనలో నిలబడ్డట్టు నిటారుగా ఉన్నాడు. ఏడుపు మొహంలోనే ఆగిపోయింది, ఒంట్లోకి దిగలేదు.

నేనూ చాలా ఏళ్ళు కళ్ళతోనే బొమ్మ మొదలుపెట్టేవాణ్ణి. ఆ అలవాటు మాన్పించింది మన ఫిషింగ్ హార్బర్. మరపడవలు ఒడ్డుకి చేరి చేపల వేలంపాట మొదలయ్యే వేళకి వెళ్ళేవాణ్ణి. ఇంకా తెల్లారదు, మొహాలు ఆనవు. అయినా ఎవరికి సరుకు దొరికిందో, ఎవరు ఉత్త చేతులతో పోతున్నారో దూరం నుంచే తెలిసిపోయేది. నిండు గంప నెత్తిన పెట్టుకున్నావిడ మెడ కదలదు, నడుము అడుగడుక్కీ ఊగుతుంది, నడక వడివడిగా సాగుతుంది. అంత బరువు కిందా ఆ ఒంట్లో హుషారే. ఖాళీ గంప చంకన పెట్టుకున్నావిడ భుజాలేమో కిందికి వాలిపోయి ఉంటాయి. ఈ ఇద్దరినీ పక్కపక్కన గీసిన రోజునే నాకు బొమ్మ గీయడం వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరపడవలు వేటకి పోకూడదు. అప్పుడు వెళ్ళి వలలు బాగుచేసుకునేవాళ్ళని గీయండి. వేళ్ళు చకచకా ఆడుతుంటాయి, వీపు మాత్రం విల్లులా వంగి గంటల తరబడి అలాగే ఉంటుంది. ఓపికని గీయడానికి అంతకంటే మంచి భంగిమ నాకు తెలీదు.

మనిషిని గీసేముందు బరువు ఎక్కడుందో చూడండి. గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు కదా! అలాంటిది మెడ కింది గుంట నుంచి వేలాడుతోందనుకోండి. రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడితే గుండు పాదాల మధ్యకి వస్తుంది. ఒక కాలి మీదే బరువేస్తే ఆ చీలమండ దగ్గరికి జరుగుతుంది. అప్పుడు ఆ వైపు తుంటి లేస్తుంది, అదే వైపు భుజం సాధారణంగా దిగుతుంది. వేణువు ఊదే కృష్ణుణ్ణి త్రిభంగిలో, అంటే ఒళ్ళు మూడు చోట్ల వంగిన భంగిమలో, చెక్కిన మన శిల్పులకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. కొలతల మాటకొస్తే పెద్దవాళ్ళు సుమారు ఏడున్నర తలల పొడుగు. ఇప్పటికి అది చాలు.

భయం గీయడం కష్టం. భయపడ్డ ఒళ్ళు రెండు వైపులకీ లాగుతుంది. కుక్క మొరిగినప్పుడు మీ తమ్ముణ్ణి చూడండి: చూపు కుక్క మీదే ఉంటుంది, ఛాతీ వెనక్కి పోతుంది, ఒక పాదం అప్పుడే పారిపోయే దారికి తిరిగి ఉంటుంది. చేతులు కట్టుకున్నవాడికి కోపం వచ్చి ఉండొచ్చు, లేదా కైలాసగిరి మీద చలిగాలి కొట్టి ఉండొచ్చు. మెడ భుజాల్లోకి ముడుచుకుందా, గడ్డం పైకి లేచిందా అన్నది చూసి తేల్చుకోవాలి.

వాన్ గో 1890లో వేసిన ఒక చిత్రం ఎక్కడైనా దొరికితే తప్పక చూడండి. నీలం బట్టల ముసలాయన కుర్చీలో వంగి, పిడికిళ్ళలో మొహం దాచుకుని ఉంటాడు. మొహం కనబడదు. నాకు మాత్రం ఆ వీపు చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చోండి. ఒక్కో మనిషికీ 30 సెకన్లే. తల నుంచి బరువు మోసే పాదం దాకా ముందు ఒకే ఒక్క గీత, తర్వాతే చేతులు. రబ్బరు ఇంట్లో వదిలేసి వెళ్ళండి.

ఈసారి బొమ్మలు తలలు లేకుండా పంపండి. ఏ భావం గీశారో కాగితం వెనక రాయండి. నేను ముందు ఊహించి, ఆ తర్వాత తిప్పి చూస్తాను.

మీ డ్రాయింగ్ తాతయ్య