ఉప్పునీళ్ల తొట్టిలోకి మళ్లీ చేపలు

చిన్నీ, సిద్దూ,

మీ తొట్టిలో చేపలన్నీ తెల్ల మచ్చలొచ్చి పోయినాయని, ఈ ఆదివారమే చెన్నై కొళత్తూరుకు పోయి కొత్తవి తెద్దామని మీరు నాన్న ప్రాణం తీస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇప్పుడే పోవద్దు. ఎందుకో చెప్తాను, ఏం కొనాలో కూడా చెప్తాను.

ఆ మచ్చలు ఒక పరాన్నజీవి వల్ల వస్తాయి. కొన్నాళ్లు చేప ఒంటిని తిని, కిందికి రాలి, ఇసుకలోనో రాయి మీదో పొర కట్టుకుని కూర్చుంటుంది. ఆ పొరలోంచి వందల్లో పిల్లలు వచ్చి చేప కోసం వెతుకుతాయి, ఒకట్రెండు రోజుల్లో దొరక్కపోతే చస్తాయి. చిక్కంతా ఆ పొరతోనే, అది పగలడానికి 72 రోజుల దాకా పట్టిన సందర్భాలున్నాయి. అందుకే రెండున్నర నెలలు తొట్టిలో ఒక్క చేప కూడా ఉండకూడదు. నీళ్లు శుభ్రంగా కనబడుతున్నాయి కదా అనొద్దు, అది కంటికి ఆనేది కాదు. రొయ్యలు, నత్తలు ఉంటే ఉండనివ్వండి, వాటిని అది పట్టదు.

అన్నాళ్లూ మోటరు ఆపకండి, అప్పుడప్పుడు చిటికెడు మేత వేస్తుండండి. చేపల్లేని తొట్టికి మేతేంది అని మీ జేజి నవ్వుతుంది, నవ్వనీయండి. మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, దాన్ని నైట్రైట్‌గా, మళ్లీ నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్లలో ఉంటుంది. దాన్ని పస్తు పెట్టి, తర్వాత ఐదు చేపల్ని ఒకేసారి వదిలితే వాటి మలమూత్రాలే వాటికి విషమవుతాయి.

మన కడప ఎండల సంగతి వేరే చెప్పాలా! తొట్టి నీళ్లు 25, 26 డిగ్రీలుండాలి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, కాబట్టి పైన చిన్న ఫ్యాను పెట్టండి. ఫ్యాను గాలికి నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు పోదు. అందుకని తగ్గినంత మేరా ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పు కలిపినవి కాదు, బోరు నీళ్లు అసలే కాదు. తొట్టి నీళ్లు మార్చడానికి కొత్తవి కలిపేటప్పుడు మాత్రం లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం, వంట ఉప్పు కాదు.

ఇక చేపలు. మీది 150 లీటర్ల తొట్టి, ఐదు చిన్న చేపలు చాలు. బ్లూ ట్యాంగ్ మీద ఆశ వదులుకోండి, అది అడుగు పొడవు దాకా పెరిగే చేప. డామ్సెల్ చవకగా వస్తుంది, గట్టిది కూడా, కానీ వట్టి రౌడీ, మిగతావాటిని మూలకు తరుముతుంది. సముద్రపు గుర్రం ఎవరైనా చూపిస్తే దూరంగా జరగండి, మన దేశంలో దానికి 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

నన్నడిగితే ఒక ఫైర్‌ఫిష్, ఒక బంగాయ్ కార్డినల్, ఒక పసుపు గోబీ, రెండు క్లౌన్ చేపలు. వదిలేటప్పుడు కూడా ఇదే వరుస. పిరికివి ముందుపోయి బొరియలు చూసుకోవాలి, జాగా నాదనే క్లౌన్లు చివర. బంగాయ్ చేపలో మగది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, అన్నాళ్లూ మేత ముట్టదు. ఇండోనేషియాలో కొన్ని దీవుల దగ్గరే పుట్టిన చేప అది, పట్టీ పట్టీ అక్కడ బాగా తగ్గిపోయింది, అందుకే తొట్టిలో పుట్టిందే కావాలని అడగండి. క్లౌన్లు కూడా అట్లాంటివే కొనండి, తమిళనాడులోని మండపం ఊళ్లో మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ) వాళ్లు వాటిని ఎప్పుడో పిల్లలు చేయించారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. క్లౌన్లన్నీ మొదట మగవే, జతలో పెద్దది ఆడది అవుతుంది. సిద్దూ, ఇది నిజమే, నీ స్నేహితులతో పందెం కూడా కాయొచ్చు.

ఒక నెల ఆగి చెన్నై పోవచ్చు, కానీ తెచ్చినవి నేరుగా తొట్టిలోకి పోవు. వేరే టబ్బు, స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి రెండు పైపు ముక్కలు పెట్టి, తొట్టి గడువు తీరేదాకా అందులోనే ఉంచండి. షాపులో నీళ్లలో ఉప్పు ఎంత పెట్టారో అడిగి టబ్బులోనూ ముందు అంతే పెట్టండి, తర్వాత రోజుకింత పెంచుకుంటూ పోవచ్చు. కవరు మూతి విప్పకుండా పావుగంట నీళ్ల మీద తేల్చండి, విప్పినాక మాత్రం ఆలస్యం చేయొద్దు. దారి పొడుగునా చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల కవర్లో అమ్మోనియా అంత ప్రమాదం చేయదు. మూతి విప్పగానే ఆ గాలి పోతుంది, నీళ్లలో ఆమ్లగుణం తగ్గి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా కోరలు చాస్తుంది. చేపను వలతో తీసి వేయండి, కవరు నీళ్లు పారబోయండి.

కొనేముందు మీ కళ్ల ముందే మేత వేయమనండి. తినని చేపను షాపువాడు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

ఈలోగా నాన్నతో చెప్పి తొట్టికి సన్న జాలీ మూత చేయించండి. ఫైర్‌ఫిష్ బెదిరితే బయటికి ఎగిరి దూకుతుంది.

మీ అబ్బ