తుపాకీ గురించి డాక్టర్ ఎందుకు అడుగుతారు? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఎమర్జెన్సీ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ తుపాకీ మాటెత్తితే చాలు, ఏ పార్టీ మనిషో అని అనుమానంగా చూస్తారు. అందుకే నేను రోజూ వినే నాలుగు మాటలకు జవాబు రాస్తున్నాను.

అపోహ: తుపాకీ చావులంటే హత్యలు, సామూహిక కాల్పులే.

వాస్తవం: 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. టీవీలో రోజంతా చూపించే సామూహిక కాల్పుల వాటా దాదాపు ఒక శాతం. జనం మాత్రం నేరాల గురించే వాదించుకుంటారు. ఇంట్లో అలమరాలో ఉన్న తుపాకీ ఎవరికీ గుర్తురాదు.

అపోహ: చావాలనుకున్నవాళ్లు ఎలాగైనా చస్తారు. తాళాలు వేసి ఏం లాభం?

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. ఆ ఆలోచన చాలామందిలో కాసేపే ఉద్ధృతంగా ఉంటుంది. ఆ కాసేపు గట్టెక్కిస్తే మనిషి దక్కుతాడు. ఒకసారి ప్రయత్నించి బతికినవాళ్లలో సుమారు 90 శాతం మంది ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. చేతికి తుపాకీ అందితే మాత్రం బతికే అవకాశం చాలా తక్కువ.

ఒక రాత్రి ఇలాంటి ఆలోచనలతో ఉన్న కొడుకుని తీసుకొచ్చిన తండ్రిని డిశ్చార్జ్‌కి ముందు, ఇంట్లో తుపాకీ ఉందా అని అడిగాను. "తుపాకీ లాకర్‌లోనే ఉందండీ" అన్నారు. "లాకర్ నంబర్ బాబుకి తెలుసా?" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "వాడి పుట్టినరోజే పెట్టాం" అన్నారు చివరికి. అక్కడే నిలబడి భార్యకు ఫోన్ చేసి నంబర్ మార్పించారు.

మీకో, మీవాళ్లకో ఇలాంటి ఆలోచనలు వస్తుంటే అమెరికాలో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, మెసేజ్ అయినా పెట్టండి. రాత్రీ పగలూ పలుకుతారు.

అపోహ: ఈ విషయంలో దేశం రెండుగా చీలిపోయింది.

వాస్తవం: చట్టాలు ఇంకా కఠినం చేయాలా అంటే చీలిక నిజమే. ఒక్కొక్కటిగా అడిగితే వేరే సంగతి. తుపాకీ ఎవరికి అమ్మినా బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్ల నేర చరిత్ర వగైరా పరిశీలన) ఉండాలని 2022 గ్యాలప్ సర్వేలో 92 శాతం మంది చెప్పారు.

అపోహ: ఇది డాక్టర్ల పని కాదు.

వాస్తవం: ఇంట్లో తుపాకీ ఉందా అని డాక్టర్లు అడగకుండా ఫ్లోరిడా 2011లో చట్టమే చేసింది. దాని ముఖ్య నిబంధనలను 2017లో కోర్టు కొట్టేసింది. 2020 నుంచి అమెరికాలో 1-19 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకీయే. 2024 జూన్‌లో అప్పటి సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై దేశానికి సలహా ఇచ్చే ప్రభుత్వ డాక్టర్) వివేక్ మూర్తి దీన్ని ప్రజారోగ్య సంక్షోభమని ప్రకటించారు. అయినా చాలామంది డాక్టర్లు మొహమాటపడి అడగరు. నేను అడుగుతాను. ఆ రాత్రి నుంచి ఇంకో ప్రశ్న కూడా కలిపాను: లాకర్ నంబర్ ఇంట్లో ఎవరెవరికి తెలుసు?