రూల్ ఆఫ్ థంబ్: ఆ కర్ర కథ నిజమేనా?

'రూల్ ఆఫ్ థంబ్' అంటే లెక్కలు కట్టకుండా అనుభవంతో వేసే ఉజ్జాయింపు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు అన్నట్టు. అర్థం విషయంలో పేచీ లేదు. అది ఎలా పుట్టిందన్న దగ్గరే ఇంగ్లిష్ పాఠాలు చెప్పే మాకు తరచూ ఒక కథ ఎదురవుతుంది.

అపోహ: బొటనవేలి కంటే లావు లేని కర్రతో భార్యను కొట్టవచ్చని ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చట్టం ఉండేది. ఈ మాట అందులోంచే వచ్చింది.

వాస్తవం: అలాంటి చట్టం ఇంగ్లండ్‌లో లేదు. ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి అలా అన్నాడని 1782లో పుకారు లేచింది. ఆయన అలా తీర్పిచ్చినట్టు రికార్డు ఏదీ లేదు. కానీ కార్టూనిస్టు జేమ్స్ గిల్‌రే ఊరుకోలేదు. కర్రల మోపులు అమ్ముకుంటున్న 'జడ్జ్ థంబ్'గా ఆయన్ను కార్టూన్‌లో గీశాడు. ఆ బొమ్మ జనం మనసులో నిలిచిపోయింది. అయితే స్కాట్లాండ్‌కు చెందిన విలియం హోప్ 1692లోనే, తన కత్తిసాము పుస్తకంలో, విద్య నేర్వకుండా అలవాటు మీద కత్తి తిప్పేవాడి గురించి చెబుతూ ఈ మాట వాడాడు. అంటే బుల్లర్ పుకారుకు 90 ఏళ్ల ముందే! నా మటుకు కర్ర కథ ఇక్కడితో తేలిపోయింది.

అపోహ: అయితే కర్ర, బొటనవేలు అంతా కట్టుకథే.

వాస్తవం: కాదు. ఇక్కడ తొందరపడి కొట్టిపారేయడం దెబ్బలు తిన్న ఆడవాళ్లకు అన్యాయం చేయడమే. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1868 నాటి ఒక కేసులో, బొటనవేలి కంటే లావు కాని బెత్తంతో కొట్టే హక్కు భర్తకు ఉందని కింది కోర్టు జడ్జి అన్నాడు. పైకోర్టు ఆ కొలతను ఒప్పుకోలేదు కానీ, భర్తను మాత్రం వదిలేసింది. ఎలాంటి పరిస్థితుల్లోనూ కొట్టే హక్కు లేదని అదే కోర్టు 1874లో తేల్చింది. దెబ్బలు నిజం, ఆ వాదనా నిజం. దాన్ని ఈ జాతీయంతో ముడిపెట్టడం మాత్రం ప్రధానంగా 1970ల నుంచి వ్యాపించింది. 1982లో అమెరికా పౌరహక్కుల కమిషన్ గృహహింసపై ఇచ్చిన నివేదిక పేరులోనూ ఈ మాట ఉంది.

అపోహ: బీరు కాచేవాళ్లు బొటనవేలు ముంచి వేడి చూడటం వల్ల పుట్టింది.

వాస్తవం: వినడానికి బాగుంది, ఆధారం లేదు.

ఎక్కువ నమ్మదగిన వివరణ చాలా సాదాది. బొటనవేలి వెడల్పు సుమారు ఒక అంగుళం. కొలబద్ద చేతిలో లేనప్పుడు వడ్రంగులు, బట్టలు కుట్టేవాళ్లు వేలు ఆనించి కొలుచుకునేవారు. అది కచ్చితమైన కొలత కాదు, పని జరగడానికి సరిపోతుంది.