కాంగోలో పోయిన కెప్టెన్ గురించి, పర్లాకిమిడి పిల్లలకు

ఒరేయ్ పిల్లలూ,

డిసెంబర్ 5న బడిలో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా ఫోటోకి దండ వేస్తారట కదా, మీరు ఒడియాలో రాసుకున్న స్పీచ్‌ని మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. బాగానే ఉంది గానీ "మన సరిహద్దు కాపాడుతూ" అన్న లైను కొట్టేయండి. ఆయన పోయింది మన సరిహద్దులో కాదు, 1961లో, ఆఫ్రికాలో, కాంగోలో.

మనకి అక్కడేం పని అంటారా? 1960 జూన్ 30న కాంగోకి బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది, రెండు వారాలు తిరక్కుండానే రాగి గనులున్న కటంగా అనే రాష్ట్రం మేం వేరే దేశం అంది. దాని వెనకాల గనుల కంపెనీ డబ్బు, తెల్ల కిరాయి సైనికులు. పుట్టీపుట్టగానే ఆ దేశం ముక్కలైపోకుండా చూడ్డానికి ఐక్యరాజ్యసమితి సైన్యం కావాలని అడిగితే, మనవాళ్లు దాదాపు 3,000 మందిని పంపారు.

కటంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో (ఇప్పుడు లుబుంబాషి) విమానాశ్రయం దారికి కటంగా వాళ్లు అడ్డం కట్టారు. అది తీయకపోతే సమితి సైన్యం ఎక్కడికక్కడ ఇరుక్కుపోతుంది. సలారియా వెంట 16 మంది గూర్ఖా సైనికులు, ఎదుట 90 మంది దాకా, రెండు ఆర్మర్డ్ కార్లు. మనవాళ్లు రాకెట్ లాంచర్‌తో ఆ కార్లని పేల్చేసి, కుక్రీలు (గూర్ఖాల వంకర కత్తులు) దూసి మీద పడ్డారు. అవతల 40 మంది దాకా పడిపోయేసరికి మిగతావాళ్లు పరుగో పరుగు. సలారియాకి మెడలో తూటాలు దిగాయి, అయినా రక్తం కారుతుండగానే కొట్లాడి కొట్లాడి చివరికి కూలిపోయారు. ఆరు రోజుల కిందటే 26 నిండాయి.

ఆయన పుట్టిన ఊరు షకర్‌గఢ్ దగ్గర. విభజనలో అది పాకిస్తాన్‌లోకి పోతే ఇంటిల్లిపాదీ గురుదాస్‌పూర్ వైపు వచ్చేశారు. 1936లో మనూరు ఒడిశాలో కలిసినా ఇల్లు వదిలే ఖర్మ మనకి పట్టలేదు, ఒడియా బడి, తెలుగు ఇల్లు, ఆంధ్ర వైపు పాతపట్నంలో చుట్టాలు, అలా గడిచిపోతోంది.

సమితి పనిమీద వెళ్లి పోయిన మనవాళ్లు 170 మందికి పైనే, ఏ దేశం వాళ్లూ అంతమంది పోలేదు. ఇప్పుడైతే అలా పోయినవాళ్ల ఇంటికి సమితి ఒక పతకం పంపుతుంది, కోడిగుడ్డు ఆకారంలో గాజుది, దానిమీద పేరూ పోయిన తేదీ చెక్కి ఉంటాయి. అంతమందిలోనూ పరమవీర చక్ర వచ్చింది సలారియా ఒక్కరికే.

ఇదంతా మీ మూడు నిమిషాల్లో పట్టదులే. కటంగా గొడవేంటి, ఆ రోడ్డు ఎందుకు తెరవాలి, ఈ రెండూ తప్పకుండా చెప్పండి. "వీరమరణం" ఒక్కసారంటే చాలు, మీరు ఐదుసార్లు రాశారు. ఆ గూర్ఖాలని మాత్రం మర్చిపోవద్దు. చిన్నదానికి బొమ్మలు బాగా వచ్చు కాబట్టి దానిచేత ఆఫ్రికా మ్యాప్ గీయించండి, లుబుంబాషి కాంగోలోనే బాగా దక్షిణాన, జాంబియా అంచుకి దగ్గరగా ఉంటుంది, పెట్టేముందు అట్లాస్ ఓసారి చూసుకోమనండి.

మీ తాతయ్య